బోర్డు కడగడానికి 99 శాతం ఆల్కహాలే కావాలా?

కొత్తచేయి:
సోల్డర్ చేసిన ఎలక్ట్రానిక్ సర్క్యూట్ బోర్డును 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో బ్రష్ పెట్టి రుద్దాను. తడిగా ఉన్నంతసేపు అద్దంలా మెరిసింది. ఆరగానే జాయింట్ల చుట్టూ సున్నం కొట్టినట్టు తెల్లటి పొర. ఎంత రుద్దితే అంత పరుచుకుంటోంది. అసిటోన్‌కు మారమని ఒకరు, 70 శాతం ఆల్కహాల్ చాలని మరొకరు అంటున్నారు. ఎవరి మాట వినాలి?

టంకశాల:
70 శాతం మాట మరిచిపోండి. మిగతా 30 నీళ్లే కదా! ఆల్కహాల్ ముందు ఎగిరిపోతుంది, నీళ్లు చిప్ కింద నక్కి కూర్చుంటాయి. కరెంటు ఇచ్చాక తుప్పు కథ మొదలవుతుంది. 99కి తగ్గకండి.

గాజుకుప్పె:
టంకశాల గారూ, తుప్పు భయం న్యాయమే. కానీ ఆ తెల్లపొర ఏమిటో చూడకుండా తీర్పు చెప్పేశారు. సోల్డర్ బాగా అంటుకోవడానికి వాడే ఫ్లక్స్‌లోని రోజిన్, అంటే పైన్ చెట్టు బంక, ఆల్కహాల్‌లో హాయిగా కరుగుతుంది. దాంతో పాటు ఉండే, లోహం మీది ఆక్సైడ్ పొరను తీసే యాక్టివేటర్ల లవణాలు చాలావరకు కరగవు, వాటికి నీళ్లు కావాలి. బోర్డు మీద అయాన్ల (విద్యుదావేశం ఉన్న కణాల) మురికిని కొలిచే పరీక్షలో 75 పాళ్ల ఆల్కహాల్‌కు 25 పాళ్ల నీళ్లు కలిపి వాడేది అందుకే.

ఇంకో సంగతి. ద్రావణి ఆవిరవుతుంది గానీ అందులో కరిగినది ఆవిరి కాదు. కొత్తచేయి గారు రోజిన్‌ను కరిగించి, బోర్డంతా సమానంగా పంచిపెట్టి, అక్కడే ఆరనిచ్చారు.

టంకశాల:
సరే, లవణాల మాట ఒప్పుకుంటాను. నీళ్లు కావాలంటే చివర 99తో కడిగి తీరాలి. ఇందులో బేరం లేదు.

చురుకు:
ఇంత తతంగం ఎందుకు? అసిటోన్ వాడండి. తలతన్యత, అంటే ద్రవం ఉపరితలపు బిగువు, రెండింటికీ దాదాపు సమానం: అసిటోన్‌కు మీటరుకు 23 మిల్లీన్యూటన్ల చిల్లర, ఆల్కహాల్‌కు 21 చిల్లర. తేడా అంతా స్నిగ్ధతలో ఉంది. అసిటోన్‌ది 0.3 సెంటీపాయిజ్, ఆల్కహాల్‌ది 2 దాటుతుంది, అంటే నీళ్లకన్నా చిక్కన. చిప్ కింది సన్నటి సందులోకి ఏది చకచకా పాకుతుందో మీరే చెప్పండి. కనెక్టర్లకు మాత్రం తగలనివ్వకండి.

టంకశాల:
తలతన్యత తక్కువైతేనే సందులోకి దూరుతుందని అందరూ అంటారే?

గాజుకుప్పె:
సగం నిజం. సందులోకి లాగేది కూడా తలతన్యతే! నీళ్లకు అది 73 దాకా ఉంటుంది. ఉపరితలాన్ని బాగా తడిపితే నీళ్లే బలంగా లాగబడతాయి. రోజిన్ పూసిన చోట అవి ముత్యంలా నిలబడిపోతాయి, చిక్కు అక్కడ. తలతన్యత తగ్గితే తడపడం సులువవుతుంది, ఆ మేలు వేరు. లోపలికి పోయే వేగం విషయంలో చురుకు గారిదే రైటు.

కానీ అసిటోన్ 56 డిగ్రీలకే మరుగుతుంది. బ్రష్ బోర్డును చేరేలోపే సగం గాలిపాలు. అంత వేగంగా ఎగిరితే బోర్డు చల్లబడి, తేమగా ఉన్న గాలిలో దాని మీద మంచు పడుతుంది. దాన్ని చూసి మళ్లీ తెల్లపొర అంటారు. ప్లాస్టిక్‌లలో పాలీస్టైరీన్‌ను, ఏబీఎస్‌ను అసిటోన్ కరిగిస్తుంది, పాలీకార్బొనేట్‌ను పగుళ్లు పట్టిస్తుంది. నిప్పు తగిలితే ఆవిరి అంటుకునే ఉష్ణోగ్రత అసిటోన్‌కు మైనస్ 20, ఆల్కహాల్‌కు 12 డిగ్రీలు. అంటే మామూలు గదిలో రెండూ ప్రమాదమే. రెండింటి ఆవిరీ గాలికి రెట్టింపు బరువు, బల్ల మీద నుంచి కిందికి జారుతుంది. సోల్డరింగ్ ఐరన్ ఆర్పేసి, అది చల్లారాకే సీసా మూత తీయండి.

పాతకాపు:
మా రోజుల్లో బోర్డులు కడగడానికి సీఎఫ్‌సీ-113 అనే ద్రావణి ఉండేది. 47 డిగ్రీల చిల్లరకు మరుగుతుంది, అంటుకోదు, ప్లాస్టిక్‌లను పెద్దగా ముట్టుకోదు. ఓజోన్ పొరను తింటోందని 1987 మాంట్రియల్ ఒప్పందంతో దానికి నూకలు చెల్లాయి. మీ తగవంతా ఆ ఖాళీలోంచి పుట్టిందే.

కొత్తచేయి:
75:25 మిశ్రమంతో రుద్ది, ఆరనివ్వకుండా బోర్డును ఏటవాలుగా పట్టుకుని పైనుంచి కొత్త 99 ధారగా పోశాను. కింది అంచున పోగైన బొట్టును నూగు రాలని గుడ్డతో అద్దాను. పొర పోయింది. ఆత్రం కొద్దీ ఒక మూల అసిటోన్ కూడా చూశాను. కనెక్టర్ పెంకు పాలిపోయి జిగురు పట్టింది.

చురుకు:
తగలనివ్వకండి అని రాశానా లేదా?