అప్‌డేట్: కెనడా గూస్ కాలి ఉంగరంపై అరిగిపోయిన అంకెలు, చివరికి తేలిన సంగతి

అమెరికాలోని మినెసోటాలో నా మిత్రుడు వేటాడిన కెనడా గూస్ (ఒక రకం వలస పెద్దబాతు) కాలికి దొరికిన, పక్షుల రాకపోకలు తెలుసుకోవడానికి తొడిగే అల్యూమినియం గుర్తింపు ఉంగరంపై మూడు అంకెలు అరిగిపోయాయని, దానిపై ఉన్న ఫోన్ నంబరు పనిచేయడం లేదని నవంబరులో ఇక్కడ అడిగాను. సమాధానమిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు.

ఉంగరాన్ని గీకవద్దని, చీకటి గదిలో టార్చిలైటును పక్కనుంచి ఏటవాలుగా పట్టి చూడమని ఒకరు ఇచ్చిన సలహాయే ఫలించింది. నేరుగా చూస్తే నున్నగా కనిపించిన చోట సన్నని నీడలు పడి, రెండు అంకెలు స్పష్టంగా తేలాయి. మూడోది 3 లేక 8 అన్న సందేహం మాత్రం భూతద్దంతో గాని తీరలేదు. అప్పటికీ తేలకపోతే, అరిగిన ఉంగరాలను రసాయనంతో చదివే మేరీల్యాండ్‌లోని బర్డ్ బ్యాండింగ్ ల్యాబొరేటరీకే (ఈ ఉంగరాల వివరాలను నమోదు చేసే సంస్థ) పంపేవాళ్లం.

ఆ ఫోన్ సేవను 2017లోనే నిలిపివేశారు కనుక వివరాలను ఆ ల్యాబొరేటరీ వెబ్‌సైటులోనే నమోదు చేశాము. ఉంగరాన్ని తిరిగి ఇచ్చేయాలేమోనన్న నా భయానికి ఆధారం లేదు. అది దొరికినవారి దగ్గరే ఉంటుంది.

వివరాలు తెలిపినందుకు వారిచ్చే ప్రశంసాపత్రం ఈమెయిలులో వచ్చింది. పెద్ద పక్షులు ఈకలు రాల్చి ఎగరలేని వేసవి రోజుల్లో, కెనడాలోని మానిటోబాలో, ఇంకా రెక్కలు రాని పిల్లగా ఉన్నప్పుడు, పదకొండేళ్ల కిందట ఈ పక్షికి ఉంగరం తొడిగారట. అంటే అన్నేళ్లపాటు ఏటా ఇంత దూరం వచ్చిపోయిన పక్షి అది. ఆ మాట చదివాక మా మిత్రుడు చాలాసేపు ఆ ఉంగరాన్ని అరచేతిలోనే ఉంచుకున్నాడు.