లెగోతో రామగిరి గాలిమర చేస్తాండాం, రెక్కలు మరీ స్పీడ్‌గా తిరుగుతాండాయి, ఎట్ల తగ్గించాల?

అనంతపురం_నాన్న:
అందరికీ నమస్తే. మా పాప ఎనిమిదో తరగతి, సైన్స్ ఫెయిర్‌కి ఇంకా పది రోజులుంది. రామగిరి కొండల మీద ఫ్యాన్లు చూసినప్పటి నుంచి అదే చేస్తానని పట్టు పట్టింది, ఇంట్లో ఉన్న లెగో ముక్కలన్నీ బయటేసి రెండడుగుల టవర్ కట్టినాం. మోటార్ లెగో వాళ్లదే, పాత పవర్ ఫంక్షన్స్ ఎం మోటార్, ఆరు పెన్సిల్ సెల్లుల బాక్స్. మోటార్‌ని పైన తలకాయలో పెట్టి రెక్కలు నేరుగా దానికే తగిలించినా, స్విచ్ వేస్తే టేబుల్ ఫ్యాన్ మాదిరి తిరిగి టవరంతా ఊగిపోతాంది, నిన్న ఒక రెక్క ఊడి ఎగిరిపోయి బీరువాకి తగిలింది. పైన ఎర్ర లైట్ కూడా పెట్టినాం, అదే బాక్స్ నుంచి వైరు లాగితే మోటార్ తిరిగేటప్పుడు లైట్ డల్ అవుతాంది. తలకాయ గాలి వైపు తిరగాలంటాది పాప, నాలుగు చుట్లు తిప్పేసరికి వైరు మెలి పడి ఊడొస్తాంది. ఎవరన్నా దారి చెప్పండి.

కర్నూలు_గేర్లు:
అన్నా, ఆ మోటార్ లోడ్ లేకుండా నిమిషానికి దాదాపు 400 చుట్లు తిరుగుతుంది, నేరుగా పెడితే అంతే. వార్మ్ గేర్ ఉందా, స్క్రూ మాదిరి ఉంటుంది చూడు? దానికి 24 పళ్ల గేర్ ఆనిస్తే వార్మ్ 24 చుట్లు తిరిగినప్పుడు రెక్కలు ఒక్క చుట్టు తిరుగుతాయి, అంటే నిమిషానికి 16, 17. ఇంకో లాభం, మోటార్ పైన ఉండాల్సిన పని లేదు. కింద టవర్‌లోనే నిలువుగా పెట్టి, గేర్లు ఎక్కించే కడ్డీ, అంటే యాక్సిల్‌ని నేరుగా పైకి పంపు, కొసకి వార్మ్, దాని పక్కన రెక్కల యాక్సిల్‌ మీద 24 గేర్. బరువు కిందికొస్తే ఊగుడు సగం పోతుంది. రెండు యాక్సిల్ల మధ్య దూరం సరిగ్గా రెండు స్టడ్డులు (లెగో ముక్క మీది బుడిపెలు) ఉండాల, వార్మ్ పైకీ కిందికీ జారకుండా రెండు పక్కలా బుష్ (కడ్డీకి బిగుసుకునే చిన్న రింగు ముక్క) పెట్టు, నేను అది మర్చిపోయి రెండు రోజులు తల పట్టుకున్నా. పొడుగు యాక్సిల్‌కి మధ్య మధ్యలో రంధ్రాల ముక్కలతో ఊతం ఇయ్యి. వార్మ్ పెట్టినాక రెక్కల్ని చేత్తో తిప్పొద్దని పాపకి గట్టిగా చెప్పు, తిరగవు, బలవంతం చేస్తే పళ్లు పోతాయి.

ఉరవకొండ_టెక్నీషియన్:
మా ఊరి చుట్టూ అవే కాబట్టి ఒక మాట చెప్తా. అసలు గాలిమర లోపల గేర్‌బాక్స్ దీనికి తిరగబడి ఉంటాది, రెక్కలు నిదానంగా తిరుగుతాయి, గేర్లు ఆ స్పీడ్‌ని జనరేటర్ కోసం పెంచుతాయి. మీ మోడల్‌లో మోటార్ స్పీడ్‌ని గేర్లు తగ్గిస్తాయి. ఈ తేడా పాపకి అర్థమైతే జడ్జీలు ఏమడిగినా నిలబడి చెప్తాది. వైరు మెలి పడేది మాకూ ఉండే సమస్యే తల్లీ, తలకాయ ఒకే పక్కకి కొన్ని చుట్లు తిరిగినాక కంట్రోలర్ లెక్క చూసి మళ్లీ వెనక్కి తిప్పి కేబుల్ మెలి తీస్తాది. ఎదురుగా నిలబడి చూస్తే రెక్కలు గడియారం ముల్లు మాదిరే తిరగాల, స్విచ్ ఏ పక్కకి నొక్కాలో చూసుకోండి.

కడప_సోల్డర్:
లైట్‌ని బాక్స్ నుంచి విడగొట్టేయండి. నాణెం సైజు 3 వోల్టుల సీఆర్ 2032 సెల్లు, ఎర్ర ఎల్‌ఈడీ, మధ్యలో 220 ఓమ్స్ రెసిస్టర్, మూడూ తలకాయలోనే పట్టిపోతాయి. వైరు కిందికి రాదు కాబట్టి మెలి పడదు, డల్ కూడా కాదు. తనంతట తానే మిణుకుమనే ఎల్‌ఈడీ దొరికితే ఇంకా బాగుంటుంది. ఇంట్లో చిన్న పిల్లలుంటే ఆ సెల్లు వాళ్లకి అందనీయొద్దు, మింగితే ప్రాణం మీదికొస్తుంది.

అనంతపురం_నాన్న:
అన్నలూ, నిన్న రాత్రి పదకొండుకి తిరిగింది. మొదటిసారి వార్మ్ జారిపోయి టకటకమని సౌండ్ వచ్చింది, కింద బుష్ పెట్టడం మర్చిపోయినా, పెట్టినాక పోయింది. రెక్కలు నిదానంగా, కొండ మీద తిరిగినట్టే తిరిగినాయి. పాప రూములో లైట్ ఆర్పి ఎర్ర లైట్ మిణుకుమంటాంటే నేల మీద కూచుని చూస్తానే ఉండిపోయింది. మూడు రెక్కల్ని 120 డిగ్రీల్లో పట్టే కనెక్టర్ ముక్క ఒకటి బీటలు వారింది, అది అనంతపురంలో యాడన్నా దొరుకుతాదా?