అరబ్బీ అక్షరాల వస్త్రం కప్పుకున్న క్రైస్తవ రాజు: సామరస్యమా, హంగా?

దారప్పోగు: సిసిలీ రాజు రెండో రోజర్ కోసం నేసిన ఎర్ర పట్టు పైవస్త్రం ఫోటో చూశాను, ఇప్పుడు వియన్నాలో ఉందట. రెండు పక్కలా ఒంటె మీద పడ్డ సింహం, అంచు పొడవునా బంగారు దారంతో కూఫీ లిపిలో అరబ్బీ, అందులో తారీఖు కూడా హిజ్రీ 528 (అంటే 1133–34). ఆ దీవిని ముస్లింల దగ్గర గుంజుకున్నదేమో ఈయన నాన్న, పెదనాన్న! మరి ఈ అరబ్బీ ఏంటి? నిజంగా మతసామరస్యమా, ఇప్పటి కళ్లతో చూసి మనమే మురిసిపోతున్నామా?

పాతలెక్క: సామరస్యం పెద్ద మాటండి. 1130లో కిరీటం పెట్టుకున్న కొత్త రాజు ఆయన, దర్జాగా కనిపించాలి. అప్పట్లో మధ్యధరా ప్రాంతంలో దర్జా అంటే ఈజిప్టు ఫాతిమీ ఖలీఫాల దర్బారే, అందుకే వాళ్ల పద్ధతిలో అరబ్బీ దస్తావేజులు కూడా రాయించాడు. ఇదే రోజర్ 1153లో తన నౌకాదళపతి, మహ్దియా ఫిలిప్‌ని లోలోపల ముస్లింగానే ఉన్నాడన్న నేరం మీద తగలబెట్టించాడు. వస్త్రం మీద ఆ సింహం ఎవరో, ఒంటె ఎవరో మీరే ఊహించుకోండి.

నాలుగుభాషలు: అంతా హంగేనంటే ఒప్పుకోను. సిసిలీ రాజధాని పలెర్మోలో గ్రిసాండస్ అనే క్రైస్తవ పూజారి 1149లో వాళ్లమ్మ అన్నాకి సమాధి ఫలకం పెట్టించాడు. లాటిన్, గ్రీకు, అరబ్బీ, మళ్లీ హీబ్రూ అక్షరాల్లో అరబ్బీ, పైగా ఒక్కోదాంట్లో తేదీ ఆయా జనాల క్యాలెండర్ ప్రకారం. కన్నతల్లి సమాధి దగ్గర షో ఎవరు చేస్తారు?

పాతలెక్క: ఆయన రాజుగారి పూజారే కదా సార్, దర్బారు గాలి సోకదా?

నాలుగుభాషలు: సోకుతుంది, కాదనను. కానీ అది చదవగలిగే నాలుగు రకాల జనం ఊళ్లో లేకపోతే చెక్కించడం దేనికి?

బాటసారి: మీ ఇద్దరి మాటా ఇబ్న్ జుబైర్ యాత్రా కథనంలో కనిపిస్తుంది. 1184–85లో వచ్చిన ఈ అండలూసియా (అప్పటి ముస్లిం స్పెయిన్) యాత్రికుడు, రోజర్ మనవడు రెండో విలియం అరబ్బీ చదివి రాస్తాడని మెచ్చుకుంటాడు. భూకంపం వచ్చినప్పుడు అంతఃపురంలో ఆడవాళ్లు, నౌకర్లు అల్లాని తలుచుకుంటూ దొరికిపోతే, ఎవరి దేవుణ్ణి వాళ్లు పిలుచుకోండి అన్నాడట విలియం. అసలు వాళ్లు అప్పటిదాకా మతం దాచుకుని బతుకుతున్నారన్నది చూడండి! 1220ల నుంచి రోజర్ కూతురి కొడుకు రెండో ఫ్రెడరిక్ సిసిలీ ముస్లింలని ఇటలీలోని లుచేరాకి తరలించేశాడు, ఈయన మళ్లీ అరబ్బీ శాస్త్రాలంటే చెవి కోసుకునేవాడు.

దారప్పోగు: థాంక్సండీ. సింహం సంగతి చదివాక మళ్లీ ఫోటో తెరిచాను, ఈసారి చూపంతా ఒంటె మీదే ఉంది.