వస్తువును మార్చాలా, ముందు అమ్మే తీరును మార్చాలా?

పునర్నవ:
సర్క్యులర్ ఎకానమీ, అంటే వస్తువులను పారేయకుండా బాగుచేసి మళ్లీ మళ్లీ వాడుకునే పద్ధతి. ఆ వ్యాపారంలో కొత్తదనం ఎక్కడ మొదలవ్వాలి? డిజైనర్ బల్ల మీదా, యాజమాన్యం నిర్ణయంలోనా? తొలి అడుగు యాజమాన్యానిదే అంటాను. తర్వాత రోల్స్ రాయిస్‌లో కలిసిపోయిన బ్రిస్టల్ సిడ్లీ కంపెనీ 1962లో వైపర్ విమాన ఇంజిన్ల నిర్వహణకు, ఎగిరిన గంటకు ఇంత అని తీసుకోవడం మొదలుపెట్టింది. విడిభాగాలు అమ్ముకునే లెక్కలో భాగం అరిగితే లాభం. గంట లెక్కలో అరిగితే నష్టం. ఇక మన్నిక గురించి ఇంజినీర్లకు ఎవరూ నీతులు చెప్పక్కర్లేదు.

నమూనా:
పునర్నవ గారూ, మరి కార్పెట్ల కంపెనీ ఇంటర్‌ఫేస్ సంగతో? 1990ల్లో కార్పెట్లను అద్దెకిచ్చే పద్ధతి పెట్టింది, పెద్దగా నడవలేదు. అదే కంపెనీ 2000లో తెచ్చిన ఎంట్రపీ టైల్స్ బాగా అమ్ముడయ్యాయి. అడవి నేల మీద రాలిన ఆకుల్లాంటి అల్లిక. కాఫీ ఒలికిందా, ఆ ఒక్క పలక పీకేసి ఇంకోటి ఎటు తిప్పి పెట్టినా తేడా కనపడదు. గదంతా మార్చే పని తప్పింది, పరిచేటప్పుడు తరుగూ తగ్గింది. ఇది డిజైన్‌తో సాధించింది, ఒప్పంద పత్రంతో కాదు.

పునర్నవ:
ఎంట్రపీ గొప్పదే, కాదనను. కానీ ఆ కంపెనీ అధినేత రే ఆండర్సన్ 1994లో దారి మార్చాలని గట్టిగా అనుకోకపోతే, డిజైనర్లు అడవి నేల వంక చూసేవారా?

సర్వీస్ బెంచి:
నేను ఫోన్లు బాగుచేస్తానండీ. బ్యాటరీని జిగురుతో అతికిస్తే వెనక వేడి పెట్టి, పల్చటి ప్లాస్టిక్ రేకు దూర్చి, ఊపిరి బిగబట్టి లేపాలి. వంగిందంటే మంటే. అదే పట్టుకు లాగే పట్టీ ఉంటే చిటికెలో వచ్చేస్తుంది. జిగురు ఎంచుకున్న డిజైనర్ మీద నాకు కోపం లేదు. బిగించేటప్పుడు మిగిలిన డబ్బు ప్రొడక్షన్ ఖాతాలో పడుతుంది. విప్పే ఖర్చు సర్వీసు ఖాతాలోనో, కొన్నవాళ్ల జేబులోనో పడుతుంది. ఆ రెండు ఖాతాలూ ఒకే మేనేజరుకు అప్పగించండి, జిగురు ఎన్నాళ్లుంటుందో చూద్దాం. నన్నడిగితే మీ ఇద్దరి గొడవా అక్కడే ఉంది.

నమూనా:
ఖాతాల మాట ఒప్పుకుంటున్నానండీ, నాకు తట్టలేదు. అయితే ఒక్కటి. వెనక్కి వచ్చిన ఫోన్లు విప్పేది మీరు. కొత్త మోడల్ గీసే రోజున ఆ మేనేజరు పక్క కుర్చీ మీకు వెయ్యాలి.