పీటర్ లాన్యన్ బొమ్మలు: పేరు చెప్పకపోతే అది కార్న్‌వాల్ అని ఎవరికైనా తెలుస్తుందా?

నీలిగీత:
ఈ విభాగంలో చాన్నాళ్లుగా ఎవరూ గొడవపడటం లేదు, కాబట్టి నేనే మొదలెడుతున్నా.

పీటర్ లాన్యన్ (1918–1964) పేరు వినని వాళ్లకు నాలుగు ముక్కలు. ఇంగ్లండ్ నైరుతి కొసన కార్న్‌వాల్, అందులో సెంట్ ఐవ్స్ అనే చేపల రేవు. 1939లో యుద్ధం ముంచుకొస్తుంటే చిత్రకారుడు బెన్ నికల్సన్, శిల్పులు బార్బరా హెప్‌వర్త్, నౌమ్ గాబో లండన్ వదిలి ఆ పక్కనే మకాం పెట్టారు. ఆ తర్వాత బ్రిటిష్ ఆధునిక కళకు అదొక అడ్డా అయింది. వచ్చినవాళ్లలో దాదాపు అందరూ పరాయి ఊళ్లవాళ్లు. లాన్యన్ మాత్రం సెంట్ ఐవ్స్‌లోనే పుట్టాడు. 1959లో గ్లైడర్ నడపడం నేర్చుకున్నాడు. 1964 ఆగస్టులో డెవన్‌లోని డంక్స్‌వెల్ దగ్గర గ్లైడర్ ప్రమాదంలో గాయపడి, నాలుగు రోజులకు ఆస్పత్రిలో పోయాడు. వయసు 46.

ఆయన్ని అందరూ 'ల్యాండ్‌స్కేప్ చిత్రకారుడు' అంటారు. నాకు మింగుడుపడనిది అదే. 1960లో వేసిన 'థర్మల్' చూడండి. నీలం, తెలుపు, బూడిదరంగు, కుంచెతో ఇష్టారాజ్యంగా లాగిన చారలు. కొండ లేదు, చెట్టు లేదు, దిగంతరేఖ కూడా లేదు. ఆ రోజుల్లో న్యూయార్క్‌లో ఇలాంటివి వేసినవాళ్లు బోలెడు మంది. పేరు తీసేస్తే అది కార్న్‌వాల్ గాలో, ఇంకెక్కడి గాలో ఎవడు చెప్పగలడు? ప్రకృతి దృశ్యం గోడకు అంటించిన చీటీలో ఉంది, బొమ్మలో లేదు. కాదన్నవాళ్లు రండి.

గాలివాటం:
వాతావరణ శాఖలో పనిచేసి రిటైరైన మనిషిని. కళ గురించి నాకు తెలిసింది తక్కువ, గాలి గురించి కాస్త ఎక్కువ. అందుకే ఒక్క విషయానికే జవాబిస్తాను.

ఎండకు నేలంతా ఒకేలా వేడెక్కదు. దున్నిన చేను, రాతి నేల త్వరగా వేడెక్కుతాయి, తడి గడ్డి నేల ఆలస్యంగా. వేడెక్కిన చోట గాలి తేలికై పైకి లేస్తుంది. చుట్టూ చల్లగాలి కిందికి దిగుతూ ఉంటుంది. లేచిన గాలి చల్లబడి, అందులోని తేమ మేఘమవుతుంది. దీన్నే థర్మల్ అంటారు. ఇంజన్ లేని గ్లైడర్‌కు ఇదే మెట్ల దారి. పైలట్ ఆ గాలి స్తంభం అంచు దాటకుండా గిరగిరా తిరుగుతూ పైకెక్కాలి. అంచు దాటాడా, కిందికి జారతాడు. ఇందులో ఏదీ కంటికి కనబడదు. రెక్క ఒక పక్కకు ఎగిసినప్పుడు ఒంటికి తెలియాలి, లేదా మీటరు ముల్లు చెప్పాలి.

ఇప్పుడు ఆ బొమ్మ మళ్లీ చూడండి. ఒకపక్క పైకి సుడి తిరుగుతున్న తెలుపు, ఇంకోపక్క బరువుగా కిందికి దిగుతున్న నీలం. కొండ లేదు, చెట్టు లేదు అంటున్నారు. గాలిలో కొండా చెట్టూ ఉండవండీ! ఆయన వేసింది నేలను కాదు, గాలినే. అసలున్న వస్తువునే వేశాడు. కంటికి కనబడని వస్తువు, అంతే తేడా.

నీలిగీత:
అయ్యా, మీ వివరణ బాగుంది. కానీ మీరు చెప్పాకే ఆ తెలుపు నాకు సుడిగాలి అయింది. మీరు చెప్పకముందు అది తెలుపే. నా వాదనకు మీరే సాక్ష్యం చెప్పారు.

కొత్తపేట కుర్రాడు:
😂😂 సార్, ఒక వికెట్ పడింది.

పాతకుంచె:
నీలిగీత గారూ, 'థర్మల్' ఒక్కటి పట్టుకుని తీర్పు చెప్తే ఎలా? ఆయన గ్లైడర్ ఎక్కింది చివరి ఐదేళ్లు. అంతకుముందు ఇరవయ్యేళ్ల పని ఉంది. ఆ పతాక సన్నివేశం వల్ల మొదటి సగం ఎవరూ చూడటం లేదు.

పాత సంగతి ఒకటి చెప్తాను. 1949లో సెంట్ ఐవ్స్‌లో ఆధునికులంతా కలిసి పెన్‌విత్ సొసైటీ పెట్టుకున్నారు. స్థాపించినవాళ్లలో లాన్యన్ ఒకడు. కొద్దికాలానికే సభ్యులను మూడు గుంపులు చేయాలని రూల్ తెచ్చారు: ఎ అంటే సంప్రదాయులు, బి అంటే ఆధునికులు, సి అంటే చేతిపనివాళ్లు. ఎవరిది ఏ గుంపో ఎవరికి వారే ప్రకటించుకోవాలి. లాన్యన్ ఒప్పుకోలేదు. 1950లో రాజీనామా చేసి వచ్చేశాడు. తనకు పాఠాలు చెప్పిన నికల్సన్‌తో, హెప్‌వర్త్‌తో ఉన్న చుట్టరికం దాంతో చెడింది, మళ్లీ కుదిరిందే లేదు. మన సంఘాల్లో చీలికలు చూసినవాళ్లకు ఇదేం వింత కాదు గానీ, కారణం చూడండి. నువ్వు కంటికి కనిపించేది వేసేవాడివా, ఏ వస్తువూ లేకుండా రంగులు, ఆకారాలే వేసే నైరూప్యుడివా తేల్చుకో అన్నారు. తేల్చుకోను అన్నాడు. మీరు ఇప్పుడు అడుగుతున్నదీ అదే.

ఆయన తనను తాను పాతకాలపు ఇంగ్లిష్ ప్రకృతి చిత్రకారులు టర్నర్, కాన్‌స్టబుల్ వరసలో చూసుకున్నాడు. నికల్సన్ తెల్లటి చతురస్రాల వరసలో కాదు. ఇది గొప్పకు చెప్పుకున్న మాటో కాదో తెలియాలంటే 1951 నాటి 'పోర్త్‌లెవెన్' దగ్గర నిలబడాలి. ఎనిమిదడుగుల ఎత్తు, నాలుగడుగుల వెడల్పు బోర్డు. పోర్త్‌లెవెన్ అనేది కార్న్‌వాల్ దక్షిణ తీరంలో ఒక రేవు. లోపలి రేవు, బయటి రేవు, పైన గడియారపు గోపురం అన్నీ ఉన్నాయి, కానీ ఒకచోట నిలబడితే కనబడే వరసలో లేవు. కొండ మీదినుంచి చూసింది, గోడ పక్కన నడుస్తుంటే చూసింది, వెనక్కి తిరిగినప్పుడు చూసింది, అన్నీ ఒకదాని మీద ఒకటి ఎక్కాయి. ఈ పట్టు ఆయనకు గాబో దగ్గర దొరికింది. గాబో పారదర్శకమైన ప్లాస్టిక్‌తో శిల్పాలు కట్టేవాడు: ముందు, వెనక, లోపల ఒకేసారి కనిపిస్తాయి. లాన్యన్ గాజు ముక్కలు అతికించి, వాటిమీద రంగు పూసి చిన్న నిర్మాణాలు చేసుకునేవాడు. 1959 నాటి 'లాస్ట్ మైన్' చిత్రానికి అలా చేసుకున్న గాజు నిర్మాణం ఇప్పటికీ ఉంది. చుట్టూ తిరిగి చూసి, ఆ తర్వాత కాన్వాసు ముందు కూర్చునేవాడు. ఇష్టారాజ్యంగా చారలు లాగేవాడికి ఇంత తతంగం ఎందుకండీ?

నీలిగీత:
తతంగం ఎంతైనా చేసుకోవచ్చు. వంటవాడు ఎంతసేపు కష్టపడ్డాడన్నది తినేవాడికి అనవసరం. మీరు చెప్పిన 'పోర్త్‌లెవెన్'లో గడియారపు గోపురం ఉంది, ఒప్పుకుంటాను. అది నాకు కనబడుతుంది. 'థర్మల్'లో అలాంటి ఆనవాలు ఏదీ? అంటే 1951 నుంచి 1960కి మధ్య ఆయన నేలను వదిలేశాడు. మధ్యలో ఏమైందో అందరికీ తెలుసు. 1957 జనవరిలో న్యూయార్క్‌లో కాథరిన్ వివియానో గ్యాలరీలో ప్రదర్శన, అక్కడి నైరూప్య చిత్రకారులు రాత్కో, డి కూనింగ్‌లతో పరిచయం. 1959లో రాత్కో స్వయంగా కార్న్‌వాల్ వచ్చి చూసి వెళ్లాడు. గ్లైడర్ కన్నా ముందు అమెరికా గాలి సోకింది.

గనిబిడ్డ_రామగుండం:
మీరంతా ఆకాశంలో కొట్లాడుకుంటున్నారు, నేను కింది మాట ఒకటి చెప్తా. నాకు ఈ పెయింటర్ గురించి ఈ థ్రెడ్‌తోనే తెలిసింది. 'సెంట్ జస్ట్' అనే బొమ్మ ఉందని చదివి ఫోన్‌లో తీసి చూసిన. 1952–53లో వేసిండట. నిలువుగా పొడుగ్గా ఉంది, అంతా పచ్చ, నడుమ పైనుంచి కిందికి ఒక నల్లటి గీత. ఒక్కసారి చూసేసరికే షాఫ్ట్, అంటే గనిలోకి దిగే నిలువు బావి అని అర్థమైంది. పేరు చూడకముందే. మా నాయన సింగరేణిలో అండర్‌గ్రౌండ్ చేసిండు, అందుకేనేమో.

తర్వాత చదివితే, సెంట్ జస్ట్ తగరం, రాగి గనుల ఊరు. దాని పక్కన్నే లెవాంట్ గని, సొరంగాలు సముద్రం కిందికి పోతాయి. అక్కడ మనుషులు దిగడానికి, ఎక్కడానికి 'మ్యాన్ ఇంజన్' అని ఉండేది. షాఫ్ట్ పొడుగునా ఒక దూలం, దానికి మెట్లు. ఇంజన్ ఆ దూలాన్ని కొన్ని అడుగులు పైకి లేపుతది, మళ్ల దించుతది. మనిషి మెట్టు మీద నిలబడి పైకి రాంగనే పక్కనున్న గట్టు మీదికి అడుగేసి ఆగాలి. దూలం కిందికి పోయి మళ్ల వచ్చినంక ఇంకో మెట్టు ఎక్కాలి. అట్ల పైదాకా. 1919 అక్టోబర్ 20న షిఫ్టు దిగి మనుషులు పైకి వస్తుంటే పైనున్న ఇనుప కట్టు తెగింది. దూలం మనుషులతో సహా షాఫ్ట్‌లోకి కూలింది. 31 మంది పోయిండ్రు.

ఆ నల్ల గీతను ఆయన శిలువ లెక్క కూడ అనుకున్నాడని చదివిన. గని పడిపోయిన ఊరికి శిలువ. ఇది ల్యాండ్‌స్కేప్ కాదంటే నేనొప్పుకోను. మా ఊరి ల్యాండ్‌స్కేప్ ఎవరన్న వేస్తే భూమి పైనున్నదే వేస్తరా?

మాధవి_బ్రిస్టల్:
గనిబిడ్డ గారూ, ఆ చివరి వాక్యానికి దండం.

నేను 'సెంట్ జస్ట్' నేరుగా చూశాను. ఫోన్‌లో తెలియనిది ఒకటుంది: అది మనిషికంటే ఎత్తు. ముందు నిలబడితే ఆ నలుపు మీ పాదాల దాకా వస్తుంది. దూరంనుంచి చూసే కిటికీలా ఉండదు, అంచున నిలబడ్డట్టు ఉంటుంది. కొండ అంచున నిలబడ్డప్పుడు తల తిరగడం, ఒళ్లు జలదరించడం అంటే ఆయనకు ప్రత్యేకమైన ఆసక్తి కూడా.

పైగా కార్న్‌వాల్‌లో ఆ వాయవ్య తీరం వెంట నడిచిన వాళ్లకు తెలుస్తుంది, అక్కడ భూమి మీద పెద్ద దృశ్యం అంటూ ఉండదు. రాతి గోడల మధ్య చిన్న చిన్న పొలాలు, పాడుబడ్డ ఇంజన్ హౌస్‌ల పొగగొట్టాలు, ఒక్కసారిగా తెగిపోయే కొండ, కింద సముద్రం. సగం భూమి కిందే ఉంది, మిగతాది గాలి. పోస్టుకార్డు బొమ్మలు వేసేవాళ్లు సెంట్ ఐవ్స్‌లో అప్పటికే కావలసినంత మంది. ఈయనకు అది పుట్టిన ఊరు. విహారానికి వచ్చినవాడు చూసేట్టు చూడలేడు.

నీలిగీత గారి న్యూయార్క్ వాదన గురించి: తేదీలు సరిపోవు. 'సెంట్ జస్ట్' 1953కి పూర్తయింది. అమెరికా బొమ్మలు లండన్ టేట్ గ్యాలరీలో పెద్దగా కనబడింది 1956లో. ఆనవాళ్లను చెదరగొట్టడం అప్పటికే మొదలైంది. అమెరికా నుంచి వచ్చాక కుంచె వదులైంది, వేగం పెరిగింది, నిజమే. కానీ ఏం వేయాలన్నది అక్కడినుంచి రాలేదు.

నీలిగీత:
'సెంట్ జస్ట్' విషయంలో మీ ఇద్దరితో నాకు పేచీ లేదు. అది నాకూ గొప్ప బొమ్మే. నా పేచీ 1960 తర్వాతి వాటితో. గని బొమ్మల్లో బరువు ఉంది, చావు ఉంది, ఊరు ఉంది. గ్లైడర్ బొమ్మల్లో ఆనందం ఉంది, అంతే. 2015లో లండన్ కోర్టోల్డ్ గ్యాలరీ గ్లైడింగ్ చిత్రాలకే ఒక ప్రదర్శన పెట్టింది. ఎందుకంటే కథ బాగుంటుంది: గాలిలోకి ఎగిరాడు, గాలిలోనే ప్రాణం మీదికి తెచ్చుకున్నాడు. 1961లో కార్నిష్ భాషాభిమానుల గోర్సెత్ సభ ఆయనకు 'గాలిరౌతు' అనే అర్థం వచ్చే బిరుదు కూడా ఇచ్చింది. ఇంత కథ తోడుంటే ఏ నీలం చారైనా లోతుగానే కనిపిస్తుంది.

పాతకుంచె:
కథ అమ్ముకుంటున్నారన్నది నిజం. అందుకు బొమ్మను శిక్షిస్తారా?

ఎగరాలని ఆయనకు కుర్రతనం నుంచీ ఉంది. యుద్ధంలో బ్రిటిష్ వైమానిక దళం ఆర్‌ఏఎఫ్‌లో చేరితే మైగ్రేన్ తలనొప్పి వల్ల పైలట్‌గా పనికిరాడన్నారు. ఉత్తర ఆఫ్రికాలో, ఇటలీలో విమాన ఇంజన్లు బాగుచేస్తూ ఆ ఏళ్లన్నీ గడిపాడు. 41 ఏళ్లకు గానీ గ్లైడర్ కాక్‌పిట్‌లో కూర్చోలేదు. కాబట్టి అది సరదా కోసం మధ్యలో తగిలించుకున్న వ్యాపకం కాదు. పైగా తీరం వెంట గ్లైడర్ ఎగిరేది ఎలా? సముద్రపు గాలి కొండకు కొట్టుకుని పైకి లేస్తుంది, ఆ అంచు వెంబడే పోవాలి. అదే కొండ అంచు, అదే రాయి, కిందే గని. నేలను వదిలేశాడంటున్నారు, గాలి లేచేదే ఆ నేల ఆకారం వల్ల. గాలివాటం గారు చెప్పింది మీరు మళ్లీ చదవండి.

ఆనందం ఒక్కటే ఉందన్న మాట కూడా తప్పు. 1963 నాటి 'రెక్' చూశారా? 1962 నవంబరులో కార్న్‌వాల్ కొసన లాండ్స్ ఎండ్ రాళ్లమీద ఒక ఫ్రెంచ్ చేపల పడవ పగిలింది, మనుషులు పోయారు. ఆ ఘటన మీద వేసిన బొమ్మ అది. అప్పటికి ఆయన ఎగరడం మొదలెట్టి ఏళ్లయింది.

గాలివాటం:
ఇంకో మాట. 1960 నాటి 'సోలో ఫ్లైట్'లో ఎర్రటి గీత ఒకటి వంకర తిరిగి పోతుంది. అది గ్లైడర్ పోయిన దారి అనుకుంటే సులువుగా అర్థమవుతుంది. అనుకోకపోయినా, ఏదో ఒకటి ఏదో ఒక దాని మీద ఆనుకుని పోతోందని తెలుస్తుందా లేదా? నాకు తెలిసింది. నీలిగీత గారికి తెలియలేదా?

నీలిగీత:
తెలిసింది. కార్న్‌వాల్ మాత్రం తెలియలేదు. 😊

పాతకుంచె:
అయితే చివరి ఏడాది బొమ్మ ఒకటి ముందు పెడతాను, జవాబు చెప్పండి. 'గ్లైడ్ పాత్', 1964, మాంచెస్టర్ విట్‌వర్త్ గ్యాలరీలో ఉంది. నూనెరంగు మీద ప్లాస్టిక్ ముక్క అతికించాడు. రంగు మీద, నిజంగా చేత్తో తాకగలిగే వస్తువు. గ్లైడర్ కిందికి దిగే దారి అది. నైరూప్యుడైతే ఆ దారికి ఒక గీత గీసి ఊరుకునేవాడు. ఈయనకు గీత ఎందుకు చాల్లేదు?

నీలిగీత:
చూసి చెప్తాను. అతికించినంత మాత్రాన దారి అవుతుందని మాత్రం ఇప్పుడే ఒప్పుకోను.