మెష్ కొనేముందు గోడలో వైరుందేమో చూడు

తమ్ముడూ, టెక్సస్‌లో మా ఫ్రిస్కోకి వెల్‌కమ్. రౌటరేమో కింద క్లాజెట్‌లో, ఆఫీస్ కాల్స్ పై బెడ్రూమ్‌లో, రాత్రి ఇంటికి వీడియో కాల్ చేస్తే అమ్మ మొహం గడులు గడులుగా ఆగిపోతోంది అన్నావు కదా, నేనొచ్చిన కొత్తలోనూ ఇదే గోల, ఎవరో చెప్పారని మూడు డబ్బాల మెష్, అంటే వైఫైని ఒకదాన్నుంచి ఒకటి అందుకుని ఇల్లంతా పంచే సెట్టు, తెచ్చి పెట్టేశా, ఫోన్‌లో గీతలు ఫుల్లు, స్పీడ్ మాత్రం పావు వంతు. మామూలు డ్యూయల్ బ్యాండ్ (రెండు వైఫై ఫ్రీక్వెన్సీల) మెష్‌లో పై డబ్బా ఒకే రేడియోతో నీ లాప్‌టాప్‌తోనూ కింద డబ్బాతోనూ మాట్లాడాలి, అక్కడే సగం పోతుంది. ట్రై బ్యాండ్ నయమే, డబ్బాల మధ్య మాటలకి వేరే బ్యాండ్ ఉంటుంది, కానీ రేటు చూస్తే నీకే తెలుస్తుంది.

అందుకని కార్డు గీకేముందు పై రూములో ఫోన్ జాక్ ప్లేటు స్క్రూలు విప్పి చూడు. 2000 తర్వాత కట్టిన ఇళ్ళలో చాలాచోట్ల ఫోన్‌కి కూడా క్యాట్5ఈ, అంటే ఇంటర్నెట్‌కి వాడే కేబులే లాగారు. మా ఇంట్లో ప్లేటు వెనక నీలం కేబుల్, లోపల నాలుగు జతల తీగలు, ఫోన్‌కి వాడింది ఒక్క జతే, మిగతా ఆరూ కేబుల్‌కే చుట్టేసి ఉన్నాయి. రెండో కొస క్లాజెట్‌లో తెల్ల రేకు పెట్టెలో దొరికింది. ఓనర్‌కి ఒక మెసేజ్ పెట్టి రెండు వైపులా ఫోన్ జాక్ తీసి ఈథర్నెట్ (ఇంటర్నెట్ వైరు) జాక్ పెట్టు, గిగాబిట్ హాయిగా వెళ్తుంది. రంగులు మాత్రం జాగ్రత్త, నాకు గోధుమ తీగ సరిగ్గా దిగక 100 ఎంబీపీఎస్ దగ్గరే ఆగిపోయింది, అది తెలీక రెండు రోజులు ఇంటర్నెట్ వాడిని తిట్టుకున్నా.

అన్నా థ్యాంక్స్, చూశా, ఫోన్ జాకే లేదు, టీవీ కేబుల్‌ది గుండ్రటి పిన్ను ఒకటుంది అంతే.

అయితే ఇంకా ఈజీ, జాక్ మార్చే పని కూడా లేదు. టీవీ కేబుల్ మీదే ఇంటర్నెట్ పంపే మోకా (MoCA) 2.5 అడాప్టర్లని జతగా అమ్ముతారు, ఒకటి రౌటర్ దగ్గర ఒకటి పైన, రెండూ ఆ కేబుల్‌కే తగిలించి పై దాని ఈథర్నెట్ పోర్టు నుంచి మెష్ డబ్బాకి వైరు ఇవ్వు. కేబుల్ ఇంట్లోకి వచ్చేచోట చిన్న ఫిల్టర్ పెట్టు, లేకపోతే నీ సిగ్నల్ బయటికి పోతుంది. అదే కేబుల్ మీద డిష్ టీవీ ఉంటే మాత్రం వద్దు, రెండూ కొట్టుకుంటాయి. ముందు పైనొకటి కిందొకటి చాలు, మూడో డబ్బా నా దగ్గర రెండేళ్ళుగా సొరుగులోనే ఉంది.