వింటేజ్ స్టాగర్ సింగిల్ కాయిల్: ఇవాళ్టి స్ట్రింగ్స్‌కి పనికొస్తుందా?

గాజువాక_తీగలు:
అన్నలందరికీ నమస్తే. నాది చవక స్ట్రాట్ (ఫెండర్ స్ట్రాటోకాస్టర్) మోడల్ గిటార్. అందులోవి సిరామిక్ పికప్‌లు (తీగ కదలికను సిగ్నల్‌గా మార్చే భాగాలు), అంటే కింద అయస్కాంతం పట్టీ, పైన ఉత్త ఇనుప కడ్డీలు. 1950ల తరహా సింగిల్ కాయిల్ (ఒకే తీగచుట్టు ఉన్న) ఆల్నికో 5 అయస్కాంతాల సెట్ వేద్దామని డబ్బు కూడబెట్టాను. షాపులో రెండు రకాలు చూపించారు. ఒకదాంట్లో పోల్ పీసులు (ఒక్కో తీగ కింద ఉండే కడ్డీలు) పళ్ల వరసలా ఎగుడుదిగుడుగా ఉన్నాయి, దాన్నే స్టాగర్ అంటారట, రెండోదాంట్లో అన్నీ సమానం. రేటు ఇంచుమించు ఒకటే. వాయించేది 9-42 (సన్న తీగల) సెట్ మీద, ఇంట్లోనే, చిన్న ఆంప్‌తో. ఏది తీసుకోమంటారు?

సోల్డర్_వాసన:
సమానంగా ఉన్నదే తీసుకో తమ్ముడూ. 1954లో స్ట్రాటోకాస్టర్ వచ్చినప్పుడు జీ స్ట్రింగ్ (మూడో తీగ) కూడా వైండెడే, లోపల సన్న కోర్, దాని మీద చుట్టు. పికప్‌కి ముఖ్యంగా వినిపించేది ఆ కోరే. అది సన్నం కాబట్టి సౌండ్ తక్కువ, అందుకే దాని కింద పోల్‌ని ఎత్తుగా పెట్టారు. నీ సెట్‌లో జీ 16 మందం (అంగుళంలో వెయ్యో వంతుల్లో) ఉన్న ప్లెయిన్ స్టీల్, చుట్టు లేనిది. స్టీల్ ఎక్కువ, పైగా కింద అయస్కాంతం ఎత్తు. జీ అరుస్తుంది, పక్కన బీ (రెండో తీగ) నసుగుతుంది. క్లీన్ టోన్‌లో ఒక కార్డ్ మెల్లగా మీటి చూడు, నీకే తెలుస్తుంది.

పాతసరుకు:
ఇదంతా కాగితం మీద లెక్క. సన్న స్ట్రింగ్స్ వచ్చాక కూడా ఎంతోమంది అదే స్టాగర్ మీద వాయించారు, ఎవరూ ఏడవలేదు. జీ కాస్త ముందుకొస్తే కుడిచెయ్యి తేలిక చేసుకోవాలి. అంతమాత్రానికి పికప్ మార్చేస్తారా? స్టాగర్ తీసేస్తే ఆ స్ట్రాట్ గొంతు రాదు.

సోల్డర్_వాసన:
మరి 1970ల మధ్యలో ఫెండర్ వాళ్లే పోల్స్ సమానం చేశారు కదా సార్?

పాతసరుకు:
చేశారు. ఆ కాలపు గిటార్లనేగా అందరూ తిట్టేది :)

ఎడిసన్_తెలుగోడు:
ఇద్దరూ జీ దగ్గరే కొట్టుకుంటున్నారు. తమ్ముడు ఇంట్లో వాయిస్తాడట, అసలు గొడవ హమ్, అంటే కరెంటు వల్ల వచ్చే గుయ్ గోల. ఇక్కడ అమెరికాలో 60 హెర్ట్జ్, అక్కడ 50, గోల మాత్రం ఒకటే. కొనేముందు మధ్య పికప్ రివర్స్ వౌండా (మిగతావాటికి ఎదురు దిశలో చుట్టిందా) కాదా అడుగు. పాత స్ట్రాట్లలో మూడూ ఒకే దిశలో చుట్టినవి. అప్పట్లో స్విచ్ మూడు పొజిషన్లదే, ఐదుది 1977లో గానీ రాలేదు. ఉన్నది ఉన్నట్టు చేసిన వింటేజ్ సెట్ కొంటే, రెండు పికప్‌లు కలిసి మోగే 2, 4 పొజిషన్లలో కూడా హమ్ వస్తుంది. మధ్యది రివర్స్ అయితే ఆ రెండు చోట్లా ప్రశాంతం.

గాజువాక_తీగలు:
మంచి మాట చెప్పారన్నా. కరెంటు పోయి ఇన్వర్టర్ మీదకి వెళ్తే మా ఆంప్ తేనెతుట్టె అయిపోతుంది. ఇంకో డౌట్. స్టాగర్ సెట్టే కొని, జీ పోల్‌ని బొటనవేలితో కిందికి నొక్కితే సరిపోదా?

సోల్డర్_వాసన:
వద్దు!! ఆ పని నేను చేశాను. పాత పద్ధతి పికప్‌లో ప్లాస్టిక్ బాబిన్ ఉండదు, వెంట్రుక కంటే సన్నటి 42 గేజ్ తీగను నేరుగా అయస్కాంతాల చుట్టూనే చుడతారు. నేను స్క్రూడ్రైవర్ పిడితో నొక్కాను, టిక్ అని చిన్న చప్పుడు. అంతకుముందు మల్టీమీటర్ 5.8 కిలో ఓమ్‌లు చూపించేది, తర్వాత ఓపెన్ సర్క్యూట్, అంటే లోపల తీగ తెగింది. పికప్ పోయింది, ఆ వారం ఇంట్లో ఎవరితోనూ మాట్లాడలేదు.

పాతసరుకు:
ఇందులో మాత్రం నీతో ఏకీభవిస్తా. తమ్ముడూ, ముందు ఎత్తు సరిచూసుకో. చివరి ఫ్రెట్ దగ్గర స్ట్రింగ్ నొక్కి పట్టుకుని, పోల్‌కీ స్ట్రింగ్‌కీ మధ్య లావు ఈ తీగ (ఆరోది) వైపు 2.4, సన్న ఈ తీగ (ఒకటోది) వైపు 2 మిల్లీమీటర్లతో మొదలుపెట్టు. ఆల్నికో 5 బలమైన అయస్కాంతం, మరీ దగ్గరైతే తీగను లాగేస్తుంది. పై ఫ్రెట్లలో నోట్ వణుకుతుంది, ట్యూనర్ పిచ్చెక్కినట్టు ఊగుతుంది. సగం మంది దాన్నే పికప్ లోపం అనుకుంటారు. స్టాగర్‌లో జీ గోల కూడా కిందికి దించితే కొంత తగ్గుతుంది. కొంతే. పూర్తిగా పోదు, ఒప్పుకుంటున్నా.

ఎడిసన్_తెలుగోడు:
బ్రిడ్జ్ పికప్ (తీగలు బిగించే చివర దగ్గరిది) చెవిలో గుచ్చినట్టుందని తర్వాత మళ్లీ పోస్ట్ పెడతావు, ఇప్పుడే చెప్తున్నా. పాత వైరింగ్‌లో బ్రిడ్జ్‌కి టోన్ నాబ్ ఉండదు. స్విచ్ మీద చిన్న వైరు ముక్క ఒకటి కలిపితే రెండో టోన్ దానికీ పనిచేస్తుంది. ఖర్చు సున్నా.

గాజువాక_తీగలు:
సమానం పోల్స్ సెట్, మధ్యది రివర్స్ వౌండ్, ఆర్డర్ పెట్టేశాను. పాతసరుకు గారూ, కోపం వద్దు. 11 (లావు తీగల) సెట్‌లో వైండెడ్ జీ దొరికితే మా ఫ్రెండ్ స్టాగర్ గిటార్‌కి ఎక్కించి చూస్తాం.

పాతసరుకు:
ఆ లావు తీగల్ని బెండ్ చేసినప్పుడు (పక్కకి లాగినప్పుడు) వేళ్లు చూసుకో బాబూ. రికార్డింగ్ మాత్రం ఇక్కడే పెట్టు.